‘లా’ పడిపోయిన చోట

నలభై ఒక్క ఏండ్లు ఛత్తా బజార్ల
సీసం అక్షరాలు కూర్చిన.
అద్దంల ముఖం లెక్క తిరగబడ్డ తెలుగును
అటు నుంచి ఇటు చదివిన కండ్లు ఇవి.
అయినా
రెడ్‌హిల్స్ దవాఖానల డాక్టర్ తహసీన్
మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి చూపెడితే
మొదలు నాకేం కానరాలే.
గులాబీ రంగు మీద ఊదా చుక్కలు,
ఆరకముందే కార్డులు ఒకదాని మీదొకటి పేర్చినట్టు.

"ఇది మీదే, బుచ్చిలింగంగారూ" అన్నది.

నాదట.
మూత్రపు సంచి కింద
అరవై ఆరేండ్లు పేరు గూడ తెల్వకుండ మోసిన,
ఉసిరికాయంతది నిమ్మకాయంత అయిన గ్రంథి.
దాంట్లకెల్లి పన్నెండు పోగులు తీసిన్రు.
తొమ్మిది సాఫ్.
రెండింటిల, "ఇంకా కాన్సర్ కాదు" అన్నది,
గోడ నిలబడే ఉన్నది, గోడ లోపల
కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నయ్,
అఫ్జల్‌గంజ్ల ఆఖరి బస్సు లెక్క.
పన్నెండోదాంట్ల
గోడ లేదు.

నేనడిగిన:
ఆ రెంటికి ఈ ఒక్కదానికి చుట్టరికమని ఎట్ల చెప్తరమ్మా,
పక్కపక్క ఇండ్లల్ల ఉంటే అన్నదమ్ములైతరా?

కాయితం మీద గీత గీసింది.
ఇరవై ఒకటో క్రోమోజోము.
ఇక్కడొక జన్యువు, మగ హార్మోను పిలిస్తే ‘ఆఁ’ అని పలికేది.
అల్లంత దూరంల ఇంకోటి,
పెరుగు, పెరుగు అని చెప్పేది,
ఈ గ్రంథిల నోరు మూసుకొని ఉండాల్సింది.
నడుమ దగ్గర దగ్గర ముప్పై లక్షల అక్షరాలు.
అవి పడిపోయినయ్.
రెండు కొసలు అతుక్కున్నయ్.
ఇప్పుడు మొదటిదాన్ని పిలిస్తే రెండోది పలుకుతది.

"ఆ మచ్చలల్ల ఎక్కడ తెగిందో
కాన్సర్ల గూడ సరిగ్గ అక్కడ్నే తెగింది.
ఒక్క అక్షరం తేడా లేదు."

నాకు నవ్వొచ్చింది. ఆమె బెదిరింది.

ఎనభై ఏడుల, మాఘమాసం, రాత్రి రెండు గంటలకు
‘ఆగమనాభిలాషులు’ అన్న మాటల
‘లా’ జారిపోయింది.
‘ఆగమనాభిషులు’ అని ఐదు వందల కార్డులు!
మొయిజ్ సాబ్‌కు తెలుగు రాదు, నేను నిద్రల ఉన్న,
పెండ్లోళ్లు పేర్లు తప్ప ఏం చూసుకుంటరు.
నెల తిరగకముందే ఎదురు ప్రెస్సు గట్టయ్య
నా మ్యాటర్ ఎత్తుకపోయి కార్డు ఏసిండు.
నా సొంత తెలివే అని ఒట్టు గూడ పెట్టిండు.
వేలు పెట్టి చూపిన.
మంచి మాట ఎవరికైనా వస్తది గట్టయ్యా,
ఈ తప్పు మాత్రం నాది.

ఇంకోటున్నదన్నది డాక్టరమ్మ,
కాపలా కాసే జన్యువు.
దాంట్ల అక్షరాలన్నీ సరిగ్గనే ఉన్నయట,
మీద ఏదో అంటుకొని చదవరాకుండ అయిందట.
గది నాకు చెప్పాల్నా.
ముహూర్తం మారినప్పుడల్లా
తారీకు మీద సన్నటి చిట్టీ అంటించుకుంట
ఎన్ని రాత్రులు, చేతులకు ఎంత మైదా లై!
కింద పాత దినం అట్లనే ఉంటది,
చదివేటోడే ఉండడు.

ఇప్పుడే కోసుడు లేదట.
మూడు నెలలకోసారి నెత్తురు, ఏడాదికి మళ్ల సూది,
అప్పటిదాక చూస్తుంటరట.
చూసుడంటే ఏందో నాకు తెల్సు.
ప్రూఫు దిద్దేటోని కష్టమే అది,
తప్పు దొరికినంక గూడ
పేజీ మొత్తం చదవాలె.

రాత్రి బాత్రూంల నల్లా జెర తిప్పిపెట్టి
నీళ్ల చప్పుడుకన్న వస్తదేమోనని నిలబడ్డ.
గోడ మీద బల్లి. ఎవరి ఓపిక వాళ్లది.
తలుపవతల ప్రమీల
అన్నం చల్లారుతున్నది, అయిందా అని అడిగింది.

ఇంకా కాలే,
అన్న.